మంచం కింది లెమన్ సెట్టు

నేను ఒక లెమన్ సెట్టుని. అంటే ఒక జగ్గు, ఆరు గ్లాసులు. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది జగ్గు. గ్లాసులకు నోరైతే వెడల్పుగానే ఉంది గానీ, కదిలిస్తే ఆరూ ఒక్కసారే మొదలుపెడతాయి, ఒక్క ముక్క అర్థమై చావదు. అందుకని సంసారం తరఫున నేనే మాట్లాడుతున్నాను.

నా ఒంటి మీద పసుప్పచ్చని నిమ్మకాయలు, పక్కన రెండేసి ఆకులు అచ్చు వేసి ఉంటాయి. ఆ బొమ్మ వేసిన మహానుభావుడు జన్మలో నిమ్మకాయను చూసి ఉండడు. బొప్పాయికాయలా ఉంటుంది. పోనీలెండి, బొమ్మను చూసి నన్నెవరూ కొనలేదు, అంటే అసలు నన్నెవరూ చూడనే లేదు. అదే నా కథ.

ఉత్తరాదిన ఎక్కడో ఒక గాజు కొలిమిలో పుట్టాను. పుట్టినప్పుడు ఎర్రగా, మెత్తగా ఉన్నాను. ఒక పెద్దాయన బుగ్గలు పూరించి గొట్టంలోంచి ఊదితే ఇదిగో ఈ పొట్ట వచ్చింది. తర్వాత గడ్డి పరిచిన పెట్టెలో పెట్టి లారీ ఎక్కించారు. రాజమండ్రిలో ఒక ఫ్యాన్సీ స్టోరులో దించారు. ఆ కొట్టు యజమాని లోపలికి వచ్చిన ప్రతివాళ్ళనీ ఒకే ప్రశ్న అడిగేవాడు. “ఇంట్లోకాండీ, ఇవ్వడానికాండీ?” ఇంట్లోకంటే స్టీలు జగ్గు చూపించేవాడు. ఇవ్వడానికంటే నన్ను చూపించేవాడు. నాకు అప్పుడే అర్థం కావలసింది. వయసులో ఉన్నాను కదా, కాలేదు.

మొదట నన్నొక బ్యాంకు గుమాస్తా కొని స్నేహితుడి పెళ్ళికిచ్చాడు. పెళ్ళికూతురి తల్లి కాగితం అంచు కొంచెం ఎత్తి పెట్టె పైన రాసింది చదివి, “గాజుదమ్మా, ఇప్పుడు తీస్తే పగిలిపోద్ది, తర్వాత వాడుకుందువుగాని” అని అటకెక్కించింది. ఆ తర్వాత అన్నది ఎప్పుడొచ్చింది? వాళ్ళ పక్కింటివాళ్ళు గృహప్రవేశానికి పిలిచినప్పుడు వచ్చింది. అటక మీంచి దింపారు, దుమ్ము దులిపారు, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపారు. గ్లాసులు గలగలమన్నాయి. “బానే ఉందిలే” అనుకుని, పాత కాగితం విప్పితే అట్టపెట్టె చిరుగుతుందేమోనని దాని మీదే కొత్త కాగితం చుట్టి ఇచ్చేశారు.

ఇక అక్కడినుంచీ అంతే. గృహప్రవేశంలోంచి ఒక హెడ్మాస్టరు గారి పదవీ విరమణ సభకి, అక్కణ్ణుంచి ఒక పసివాడి మొదటి పుట్టినరోజుకి, అక్కణ్ణుంచి ఇంకొకరికి. ఎవరి ఇంటికి వెళ్ళినా ఊపడమే గానీ విప్పడం లేదు. ప్రతివాళ్ళూ పాత కాగితం మీదే కొత్తది చుట్టేవారు. దాంతో పెట్టె లావెక్కింది. పెట్టె లావెక్కేకొద్దీ ఇచ్చేవాళ్ళ మొహంలో గర్వం, పుచ్చుకునేవాళ్ళ మొహంలో మర్యాద కూడా లావెక్కాయి. మండు వేసవిలో ఒంటి మీద అన్ని కోట్లు తొడుక్కుని అటకల మీద ఉడికిపోయినదాన్ని నేనొక్కదాన్నే. మనుషులకేం, బాగానే ఉన్నారు!

అలా తిరిగి తిరిగి సామర్లకోటలో మంగతాయారు గారింట్లో పడ్డాను. వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షనుకి ఎవరో ఇచ్చారు. మంగతాయారు గారి గురించి ఒక ముక్క చెప్పాలి. భారీ మనిషి, భారీ మాట, నుదుట రూపాయి బిళ్ళంత మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు. అంత బొట్టు ఆ వీధిలో ఇంకెవరూ పెట్టరు. ఆవిడ మరిది తాతాజీకి పెళ్ళి కుదిరింది. సొంత మరిది పెళ్ళికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. బీరువా మీద నేనున్నాను. కాగితం చుడుతుంటే అడుగున మడతలు అంటించడానికి టేపు అయిపోయింది. ఆవిడ అటూ ఇటూ చూసి, అద్దం మీద అంటించి ఉన్న బొట్టు బిళ్ళల్ని వరసగా పీకి మడతల మీద అతికించేసింది. అడుగునే కదా, ఎవరు చూస్తారు! పైన పేరు కూడా రాయలేదు.

పేరెందుకు రాయలేదో పెళ్ళిలో తెలిసింది. కానుకలన్నీ ఒక మూల గుట్టగా పోశారు. కొత్తకోడలు లోవలక్ష్మి అటు చూస్తుంటే మంగతాయారు గారు చల్లగా పక్కన చేరి, అన్నిటికంటే పెద్ద పెట్టెకేసి వేలు చూపించి, “ఆ మిక్సీ మాదే లోవా. మూడు జార్లు” అంది. ఆ మిక్సీ ఎవరిదో ఆ భగవంతుడికే తెలియాలి. పిచ్చిది లోవ మాత్రం రెండేళ్ళపాటు పచ్చడి చేసినప్పుడల్లా “అక్క పుణ్యమా అని” అనుకుంటూనే ఉంది. నేను మంచం కింద పళ్ళు కొరుక్కుంటూ వింటూనే ఉన్నాను.

కాకినాడ జగన్నాథపురంలో రెండు గదుల అద్దెవాటా వాళ్ళది. నా మకాం మంచం కింద, నాలుగు గోడ గడియారాలు, మూడు డిన్నర్ సెట్ల మధ్య. మంచం కింద ఉన్నవాళ్ళకి ఆ ఇంట్లో తెలియని సంగతి ఉండదు. కాబట్టి ఇక నుంచి నేను చెప్పేదంతా నమ్మండి.

తాతాజీ టైల్స్ షోరూములో సేల్స్‌మాన్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళతో “ఇంకొంచెం పెట్టుకుంటే మంచిది వచ్చేత్తదండీ” అనడం అతని ఉద్యోగం. పాపం, అదే మాట ఇంకో కొట్లో ఇంకొకడు తనతో అంటే మాత్రం అప్పుడే కొత్తగా విన్నట్టు నమ్మేసేవాడు. అలా ఇంకొంచెం పెట్టి టీవీ కొన్నాడు. అది ఎంత పెద్దదంటే, ఆ గదిలో కూర్చుంటే హీరో ముక్కు మాత్రమే కనపడేది. మొత్తం మొహం చూడాలంటే వంటింట్లో పీట వేసుకుని కూర్చోవాలి. ఇంకొంచెం పెట్టి రెండు తలుపుల ఫ్రిజ్జు కొన్నాడు. అందులో ఎప్పుడూ ఒక పెరుగు గిన్నె, ఒక ములక్కాడ. ఇంకొంచెం పెట్టి బండి కొన్నాడు. లోవ డయాగ్నస్టిక్ సెంటరులో రిసెప్షనిస్టు. ఆవిడా తక్కువేం తినలేదు. ఫోనులో ఏది సగం ధర అని కనపడితే అది బుక్ చేసేది. గుడ్డు పెంకు వలిచే పరికరం కూడా వచ్చింది ఆ ఇంటికి. ఇద్దరూ గుడ్లు తినరు.

అన్నీ నెలనెలా కట్టే కంతుల మీదే, లేదంటే కార్డు మీదే. ఒక కార్డు బాకీ ఇంకో కార్డుతో కట్టారు. దాని బాకీకి ఒక ఫైనాన్సు వాళ్ళ దగ్గర అప్పు తీసుకున్నారు. ఆ అప్పుకి హామీ సంతకం పెట్టింది తాతాజీ అన్నయ్య సూరిబాబు, అంటే మన మంగతాయారు గారి భర్త. కొన్నాళ్ళకి ఫోన్లు మొదలయ్యాయి. మొదటి ఫోను వచ్చినప్పుడు తాతాజీ గొంతు బొంగురు చేసి, “తాతాజీ లేడండీ, నేను వాళ్ళ మావయ్యని” అన్నాడు. అవతలివాడు ఆరితేరినవాడు. “అలాగా మావయ్య గారూ, అయితే వాళ్ళ అన్నయ్యకి చేస్తాలెండి” అని పెట్టేశాడు.

ఆ మర్నాడు సూరిబాబు గారు దిగారు. ఎరువుల కొట్లో లెక్కలు రాసే మనిషి, మాట కూడా లెక్క అప్పజెప్పినట్టే ఉంటుంది. కుర్చీలో కూర్చుని టీవీకేసి చూడబోయి, హీరో ముక్కు మొహం మీదికి వచ్చేసరికి ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

“ఒరే తాతాజీ, మేడ మీద గది వేయిస్తన్నాను. ఆ గది గృహప్రవేశం నాటికి నీ బాకీ మొత్తం తీరిందా, నీ కాపురం నీది. తీరలేదా, పెట్టే బేడా సర్దుకుని ఇద్దరూ మా ఇంటికి వచ్చెయ్యండి. బయటోడికి పోసే అద్దేదో మాకే ఇచ్చేద్దురుగాని. తిండి ఖర్చు సగం సగం. అన్నదమ్ములన్నాక ఆ మాత్రం చూసుకోవాలి గదరా” అన్నారు.

ఎంత మంచి మాట! వినేవాళ్ళకి కళ్ళు చెమర్చాలి. లోవకి మాత్రం కాళ్ళు చల్లబడ్డాయి. పెళ్ళైన కొత్తలో ఒక వారం ఉండి వచ్చింది ఆ ఇంట్లో. కాఫీ రెండోసారి అడిగితే “అప్పుడే తాగేవు గదే” అనేది మంగతాయారు గారు. తాతాజీ ఏదో జోకు వేస్తే లోవ నవ్వింది, అంతే, వంటింట్లోంచి “ఏంటే ఆ నవ్వు?” అని కేక. ఆ వారమంతా మొగుడూ పెళ్ళాలు సైగలతో కాపురం చేశారు.

సూరిబాబు గారు అటు వెళ్ళగానే లోవ మంచం మీద కూలబడింది. మంచం కుంగి నా నెత్తికి తగిలింది.

“ఏవండీ, నేను చెప్తన్నా వినండి. ఈ ఇంట్లో వాన కురిస్తే కారతది. కుళాయి రాదు. అయినా తలుపేసుకుని మనిద్దరం కడుపారా నవ్వుకుంటాం. నేను అద్దె కట్టేది దానికి. నేను అక్కడికి రాను. రాలేను” అని ఏడ్చేసింది.

తాతాజీ కూడా ఏడ్చాడు. తర్వాత ఫ్రిజ్జు తలుపు తీసి ములక్కాడ చూసుకుని మళ్ళీ ఏడ్చాడు. ఏం చెప్పమంటారు, నాకూ దుఃఖం వచ్చింది. నా పిల్లలు, అదే ఆ ఆరు గ్లాసులైతే, కాగితాల్లోపలే గలగలలాడిపోయాయి.

ఆ మర్నాడే లోవ ఆర్థిక మంత్రి అయిపోయింది. వంటింట్లో డబ్బాలన్నీ దింపి శాఖలు పంచింది. కందిపప్పు డబ్బా అద్దెకి. మినప్పప్పు డబ్బా కంతుకి. పెసరపప్పు డబ్బా కరెంటుకి. జీలకర్ర డబ్బా బంధువులకి పెట్టాల్సిన కానుకలకి. ఆవాల డబ్బా పెళ్ళిళ్ళకని పెట్టింది గానీ అందులో ఆవాలు తప్ప ఏమీ మిగల్లేదు. జీతం రాగానే నోట్లు మడిచి పప్పుల అడుగున కప్పెట్టేది. ఏ డబ్బాలోది ఆ పనికే. అటుదిటు మార్చావో, రాత్రికి చారు కూడా లేదు.

పద్ధతి బాగానే ఉంది. కాని మంత్రిగారి మొగుడున్నాడే, సహాయం చేద్దామనే బుద్ధి పుట్టింది వాడికి. ఒక ఆదివారం లోవ డ్యూటీకి వెళ్ళినప్పుడు, పాపం అలిసిపోయి వస్తుంది, పొద్దున ఇడ్లీకి నేనే పప్పు నానబోస్తానని మినప్పప్పు డబ్బా అమాంతం గిన్నెలోకి వొంపి, రెండు చెంబుల నీళ్ళు పోసి, మూత పెట్టి, ఈల వేసుకుంటూ వెళ్ళి పడుకున్నాడు. లోవ వచ్చి మూత తీసేసరికి అయిదు వందల నోట్లు పప్పుతోపాటు చక్కగా ఉబ్బి తేలుతున్నాయి.

“కంతు నానబోసేరా!” అని ఒక్క అరుపు అరిచింది. పక్కవాటా వాళ్ళు పరిగెత్తుకొచ్చారు, కంతు అంటే ఏ ఊరి పప్పో అర్థంకాక నిలబడిపోయారు.

ఆ నోట్లని దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేశారు. తాతాజీ తువ్వాలు కప్పి ఇస్త్రీ చేశాడు. మర్నాడు ఫైనాన్సు వాళ్ళ కౌంటరులో పిల్ల ఒక నోటు వాసన చూసి, “ఏంటి సార్, మీదేమన్నా టిఫిన్ సెంటరా?” అందట. వెనక్కి వచ్చి తాతాజీ ఆ మాట చెప్పగానే లోవకి కోపం పోయి నవ్వొచ్చింది. ఇద్దరూ దొర్లి దొర్లి నవ్వారు. మంచం కోళ్ళు కదిలిపోయాయి.

తర్వాత టీవీ అమ్మారు. సందు చివర టిఫిన్ హోటలాయన కొన్నాడు. ఇక సాయంత్రాలు ఆ హోటలుకి వెళ్ళి ఒక్క టీ చెప్పి, సగం సగం తాగుతూ, తమ టీవీని తామే చూసి వచ్చేవారు. “ఇక్కణ్ణుంచి మొహం మొత్తం కనపడతందండీ” అని లోవ సంబరపడింది. బండి అమ్మారు. ఫ్రిజ్జు అమ్మారు, ములక్కాడ మాత్రం వెనక్కి తెచ్చుకున్నారు.

అంతలో మాఘమాసం వచ్చిపడింది. మా వైపు మాఘమాసమంటే శుభలేఖలు వానలా కురుస్తాయి. ఆవాల డబ్బా ఖాళీ. అప్పుడు మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ వంగి మంచం కిందికి చూశారు. మా బంధువర్గమంతా ఊపిరి బిగబట్టాం.

ఒక్కో పెళ్ళికి ఒక్కో గోడ గడియారం వెళ్ళిపోయింది. డిన్నర్ సెట్లు వెళ్ళిపోయాయి. పొద్దున పెళ్ళికి వెళ్ళి భోజనం చేసి, రాత్రి రిసెప్షనుకి వెళ్ళి మళ్ళీ భోజనం చేసి, ఆ నెల బియ్యం ఖర్చు సగానికి దించేశారు. “ముహూర్తాలుంటే మనకి తిరుగులేదే” అని తాతాజీ పొట్ట నిమురుకునేవాడు. నా వంతూ వచ్చింది. ఆ రోజు లోవ తల దువ్వుకుంటుంటే తాతాజీయే హడావుడిగా నా మీద ఇంకో కాగితం చుట్టాడు. అడుగున బొట్టు బిళ్ళలున్నాయని కళ్ళెదురుగా కనపడుతున్నా, అతగాడి బుర్రకి అందలేదు. ఏ మగాడికి అందుతుంది లెండి.

ఆ పెళ్ళి హాల్లో కింద ఒక పెళ్ళి, పైన ఒక పెళ్ళి. వీళ్ళు తిన్నగా కిందికి వెళ్ళి, గుత్తొంకాయ కూర రెండుసార్లు వేయించుకుని తిని, వేదికెక్కి అక్షింతలు వేసి, నన్ను పెళ్ళికొడుకు చేతిలో పెట్టారు. ఫొటోకి నిలబడ్డాక లోవ మెల్లిగా, “ఏవండీ, ఈ పిల్లెవరు?” అంది. తాతాజీ చూశాడు. పిల్లా తెలియదు, పిల్లాడూ తెలియదు. తెలిసినవాళ్ళ పెళ్ళి మేడ మీద జరుగుతోంది! తాతాజీ నవ్వు చెరగనివ్వకుండా, “బాబూ, దీని మీద పేరు రాయడం మర్చిపోయాం, ఇప్పుడే రాసి తెచ్చేత్తాను” అని నన్ను పెళ్ళికొడుకు చేతుల్లోంచి లాక్కుని, వేదిక మెట్లు రెండేసి చొప్పున దిగి రోడ్డున పడ్డాడు. మేడ మీదికి వెళ్ళి మళ్ళీ భోంచేసే ఓపిక లేక నన్ను తీసుకుని ఇంటికి వచ్చేశారు. అలా మంచం కింద నేనొక్కదాన్నే మిగిలాను.

బాకీ తరుగుతూ వచ్చింది. మేడ గది పూర్తయ్యేది వేసవి చివర్లో కదా, అప్పటికి తీరిపోతుందని లోవ లెక్క. ఇంతలో సామర్లకోట నుంచి ఫోను. మూఢం వస్తోందట. మూఢంలో గృహప్రవేశాలు చెయ్యకూడదు కాబట్టి పురోహితుడు ముహూర్తం నెల ముందుకి జరిపాడు. రంగులు పడకపోయినా ఫరవాలేదు, పాలు పొంగిస్తే చాలన్నాడు.

లోవ డబ్బాలన్నీ నేల మీద వొంపింది. పప్పుల మధ్యన కూర్చుని ఏరుకుంది. ఆఖరి కంతు కట్టాలంటే కొంచెం తక్కువ పడింది. ఆ కొంచెమూ జీలకర్ర డబ్బాలో ఉంది. అది మంగతాయారు గారికి గృహప్రవేశానికి వెండి కుంకుమభరిణ కొందామని నెలల తరబడి దాచినది.

“వదినకి ఏం ఇవ్వకపోతే ఊరుకోదే. నలుగురిలో కడిగేత్తాది” అన్నాడు తాతాజీ.

“కడిగితే కడగనీండి. ఒక్క పూట. అక్కడికెళ్ళి ఉంటే రోజూ కడుగుద్ది” అంది లోవ. జీలకర్ర దులిపి నోట్లు తీసింది. అంటూనే వంగి మంచం కిందికి చూసింది. వద్దు తల్లీ, నన్ను ఎక్కడికైనా పంపు గానీ ఆ ఇంటికి మాత్రం పంపకు అని ఎంత మొత్తుకున్నా గాజుదాని గోడు ఎవరికి వినపడుతుంది? జరీ పూల కాగితం ఒకటి తెచ్చి ఎంతో అందంగా చుట్టింది పిచ్చితల్లి. ముహూర్తం రోజు పొద్దున్నే బాకీ కట్టేసి, నన్ను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కారు.

సామర్లకోటలో పాలు పొంగాయి, వ్రతం అయింది, భోజనాలయ్యాయి. మేడ గదిలో చాపలు వేసి అందరూ కూర్చున్నారు. మామూలుగా మనవాళ్ళు ఇచ్చినవాళ్ళ ముందు కానుక విప్పరు. కాని అక్కడ సూరిబాబు గారి మేనత్త సుబ్బాయమ్మ గారున్నారు. వయసులో పెద్దావిడ, కుతూహలంలో ఇంకా పెద్దావిడ.

“అబ్బో, తాతాజీ ఎంత పెద్దది తెచ్చేడే! విప్పవే తాయారూ, చూద్దాం” అన్నారు.

“వద్దులెండి పిన్నిగారూ, తర్వాత...” అని తాతాజీ అడ్డుపడబోయాడు. ఆవిడ తనకి మేనత్త అన్న సంగతి కూడా మర్చిపోయాడు పాపం. మంగతాయారు గారు నన్ను తిరగేసి గోరుతో జరీ కాగితం చింపింది. కింద తాతాజీ చుట్టిన కాగితం, దాని నిండా “శుభ వివాహం” అని అచ్చు. జనం ఇకిలించారు. మంగతాయారు గారు మొహం ముడుచుకుని అదీ చింపింది.

అడుగున వరసగా మెరూన్ రంగు బొట్టు బిళ్ళలు. ఒక్కోటీ రూపాయి బిళ్ళంత.

“ఇదేంటే, పెట్టెక్కూడా బొట్లు పెట్టేరు?” అని సుబ్బాయమ్మ గారు కళ్ళజోడు సవరించుకుని పెట్టెకేసి చూశారు. తర్వాత మంగతాయారు గారి నుదురుకేసి చూశారు. మళ్ళీ పెట్టెకేసి చూశారు. గదిలో ఉన్న ప్రతివాళ్ళూ అలాగే చూశారు. మంగతాయారు గారి చెయ్యి దానంతటదే నుదుటి మీదికి వెళ్ళి బొట్టు కప్పుకుంది.

అప్పుడు లోవ, ఆ పిచ్చి లోవ, నిజంగానే తెలియక అడిగింది. “అక్కా, మరి... మిక్సీ?”

సుబ్బాయమ్మ గారు విరగబడి నవ్వారు. చాప మీద అరచేత్తో కొట్టి కొట్టి నవ్వుతూ, “ఆగండే, ఇంకా కింద ఏముందో చూద్దాం” అని తానే చింపడం మొదలెట్టారు. బాతుబొమ్మల పుట్టినరోజు కాగితం వచ్చింది. దాని కింద “పదవీ విరమణ శుభాకాంక్షలు” అని బంగారు రంగు అక్షరాల కాగితం వచ్చింది. ఆవిడ నవ్వు మధ్యలో ఆగిపోయింది. నాకప్పుడు వెలిగింది. ఈవిడ ఆ హెడ్మాస్టరు గారి భార్య! ఆ ఇంట్లో నన్ను ఊపి చూసిన చెయ్యి ఇదే!

“ఇవి అన్ని కొట్లలోనూ అమ్ముతారులే” అని గొణిగి ఆవిడ మంచినీళ్ళు అడిగారు.

ఇరుక్కున్న మనిషికి కోపమే కదా దారి. మంగతాయారు గారు లేచి నిలబడింది. “నేనిచ్చిందే నాకు తెచ్చి ఇత్తారా? ఇంత దరిద్రం పట్టిందా మీకు? అందుకే చెప్పేను, ఇద్దరూ ఇక్కడికి వచ్చి పడుండండని!”

లోవ కూడా లేచింది.

“తిట్టండక్కా. తప్పు మాదే, పడతాను. మీకు వెండి భరిణ కొందామని దాచేం. ఆ డబ్బులు పొద్దున్నే బాకీకి కట్టేసేను. ఎందుకంటే నా ఇల్లు నాకు కావాలి. మీ ఇల్లు చెడ్డదని కాదక్కా. నా ఇల్లు నాకు ఇష్టం.”

తాతాజీ ఫోనులో ఫైనాన్సు వాళ్ళ మెసేజీ తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు. సూరిబాబు గారు దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివారు. “మొత్తం తీరిపోయిందేంట్రా?” అన్నారు. “మొత్తం తీరిపోయిందన్నయ్యా” అన్నాడు తాతాజీ. తమ్ముడి అప్పు తీరితే అన్న మొహం వెలగాలి గదా. ఆయన మొహం వాడిపోయింది. ఆయన పెళ్ళాంకేసి చూశారు. ఆవిడ గబుక్కున నన్నెత్తుకుని కిందికి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

లోవ వెనకాలే వెళ్ళింది. అక్కడ మంగతాయారు గారు నన్ను పెట్టెలోంచి తీసి కుళాయి కింద పెట్టి కడుగుతోంది. నా ఒంటి మీద మొదటిసారి నీళ్ళు పడ్డాయి. ఆ హాయి ఏం చెప్పను! కాని ఆవిడ ముక్కు ఎగబీలుస్తోంది, కుళాయి నీళ్ళు కాక ఇంకేవో కూడా నాలో పడుతున్నాయి.

“నా చేతులు చూడవే లోవా” అంది వెనక్కి తిరక్కుండానే. “ఇవాళ్టి ఫంక్షనుకి అన్నీ మట్టిగాజులే. ఎవరూ చూడలేదు. బంగారంవి తాకట్టులో ఉన్నాయి. ఈ మేడ గది వెయ్యడానికి పెట్టేం. మీరొచ్చి ఉంటే మీ అద్దెతో విడిపిద్దామని మీ బావగారి ఆలోచన. మీకు చెప్పద్దన్నారు, పరువు పోద్దంట.”

ఇన్నాళ్ళూ ఆ మేడ గది పేరు చెబితే జ్వరం వచ్చినట్టయ్యేది ఆ పిల్లకి. తీరా చూస్తే ఆ గదీ తనలాగే అప్పుల్లో ఉంది. నవ్వు ముందు వచ్చిందో ఏడుపు ముందు వచ్చిందో, తోడికోడళ్ళిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి రెండూ కలిపి కానిచ్చారు. “మిక్సీ మాట అందరిలో అడగాలా ఏంటే?” అని మధ్యలో ఒక దెబ్బ కూడా వేసింది మంగతాయారు గారు.

కళ్ళు తుడుచుకుని లోవ కొంగు దోపింది. “డబ్బాలెక్కడున్నాయక్కా?” అని తన పద్ధతంతా చెప్పింది. మంగతాయారు గారు పెదవి విరిచింది. “లాభం లేదే. మీ బావగారికి ఏ డబ్బాలో ఏముందో వాసనతో తెలిసిపోద్ది. సాయంత్రం టీకని తీసి, కొట్టు కాడ నలుగురికీ ఇప్పించి వచ్చేత్తారు.”

లోవ వంటిల్లంతా కలియజూసింది. చివరికి కడిగి బోర్లించిన నన్ను చూసింది. తీసి, తుడిచి, గుమ్మానికి ఎదురుగా ఉన్న అలమరలో నడిమధ్యన పెట్టింది. “దీంట్లో వెయ్యండి. మూత పెట్టకండి. వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ కనపడాలి. అందరూ చూస్తంటే బావగారు చెయ్యి పెట్టరు” అని, పర్సులో బస్సు ఛార్జీ పోగా మిగిలిన నోటు ఒకటి నాలో వేసింది.

లోవ, తాతాజీ సాయంత్రం బస్సుకి కాకినాడ వెళ్ళిపోయారు, తమ కారే ఇంటికి. మేడ గదిలోకి రంగులు పడగానే రైల్వేలో పనిచేసే కొత్త జంట అద్దెకు దిగింది. లోవ ఆదివారాలు వచ్చి నాకేసి తేరిపార చూసి, “పెరిగింది అక్కా” అంటుంది. సూరిబాబు గారు టీ వేళకి నా ముందుకి వచ్చి నిలబడతారు, చెయ్యి చాపబోతారు, వీధిలో ఎవరో పోతూ కనపడతారు, తల గోక్కుని వెళ్ళిపోతారు. ఆయన్ని చూస్తే నాకు జాలి, నవ్వు రెండూ వస్తాయి.

ఇన్నేళ్ళ బతుకులో నాలో ఒక్క చుక్క నిమ్మరసం పడలేదు. పడేలా కూడా లేదు. మొదట్లో కొంచెం బాధపడ్డాను. ఇప్పుడు లేదు. మొన్న పాలవాడికి ఇవ్వగా మిగిలిన చిల్లర, నోట్లు తెచ్చింది మంగతాయారు గారు. అటు చూసింది, ఇటు చూసింది, భర్త పెరట్లో ఉన్నాడని రూఢి చేసుకుంది. మట్టిగాజులు గలగలమంటుండగా అవన్నీ నాలో వేసి, నా అంచు మీద వేలితో చిన్నగా కొట్టి, “ఇంకో రెండు నెలలే, గాజులు వచ్చేత్తాయి. ఎవరికీ చెప్పకు” అంది.

గుమ్మానికి ఎదురుగా, మూత లేని గాజు జగ్గుకి చెప్పే మాటేనా అది! అయినా ఆవిడ అంత నమ్మకంగా చెప్పింది కదా అని, మీకు తప్ప నేనెవరికీ చెప్పలేదు.